హేమాద్రి రెసిడెన్సీ వారి మార్కుల పట్టిక

హేమాద్రి రెసిడెన్సీలో నలభై ఫ్లాట్లు. ఆ నలభై ఫ్లాట్లలో రాజకీయం తెలియని మనిషి ఒక్కరూ లేరు. ఢిల్లీలో ఎవరి కుర్చీ ఎప్పుడు కదులుతుందో, ఇక్కడ ఎవరికి మంత్రి పదవి రాబోతోందో పొద్దున్నే వాకింగ్‌లో తేల్చేసి, ఆ తరవాతే టిఫిన్లకి కూర్చుంటారు. అలాంటివాళ్ళకి వల్లూరిపేట మున్సిపాలిటీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. వాళ్ళుండే ఆరో వార్డు మహిళలకు రిజర్వు అయింది. ఇంక చూడాలి ఆ హడావిడి.

వల్లూరిపేట, విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బస్సులో ముప్పావుగంట దూరం. ఒకప్పుడు చెరుకు తోటలుండే చోట ఇప్పుడు ఒకే వీధిలో పద్నాలుగు అపార్టుమెంట్లు లేచాయి. ప్రతిదానికీ ఒక పెద్ద పేరు, ఒక గేటు, గేటు దగ్గర ఒక వాచ్‌మన్. హేమాద్రి వాచ్‌మన్ ఆమోసు. అయితే ఆమోసు పేరుకే. నీళ్ళ మోటారు వెయ్యడం దగ్గర్నుంచి అయిదో అంతస్తు వాళ్ళకి కొత్తిమీర తెచ్చివ్వడం దాకా పనంతా నడిపించేది అతని భార్య దీవెన. ఆమోసు, దీవెన, ఆమోసు తల్లి రూతమ్మ, ఈ ఏడే పదో తరగతిలోకి వచ్చిన కూతురు వినీల, నలుగురూ సెల్లారులో మెట్ల కింద ఉన్న గదిలో ఉంటారు.

ఆ గది సంగతి చెప్పాలి. సెల్లారు రోడ్డుకంటే నాలుగడుగులు పల్లం. వాన గట్టిగా పడితే వీధి పక్కనుండే సైడు కాలవ పొంగి, మురుగునీళ్ళు సెల్లారులోకి దిగుతాయి. ఇంకెక్కడికీ పోబుద్ధి కానట్టు నేరుగా దీవెన గదిలోకి వస్తాయి. అప్పుడు పై అంతస్తుల వాళ్ళు కిందికి పరుగెత్తుకొస్తారు. వచ్చి, తమ కార్లని జాగ్రత్తగా రోడ్డు మీదికి తీసుకెళ్ళి పెట్టుకుంటారు. గదిలోవాళ్ళు మంచమెక్కి కూర్చుంటారు. వాళ్ళొచ్చిన ఆరేళ్ళలో పదకొండుసార్లు అలా కూర్చున్నారు. పోయిన ఏడాది ఆ నీళ్ళ పుణ్యాన వినీలకి టైఫాయిడ్ వచ్చి నెలరోజులు బడి మానేసింది. ఈ ఏడు పబ్లిక్ పరీక్షలు. ఈ వానాకాలం నీళ్ళు గదిలోకి రాకుండా చూడమని దీవెన రోజూ ప్రార్థన చేసుకునేది. దేవుణ్ణి ఆమె అడిగేది అదొక్కటే.

అసోసియేషన్ కార్యదర్శి లక్ష్మీకాంత్ గారు అయిదో అంతస్తు. బ్యాంకులో పెద్ద మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఎదటి మనిషిని పై నుంచి కింది దాకా చూసి వాడి యోగ్యత ఎంతో తేల్చడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. రిటైరయ్యాక ఆ చూపుకి వేరే పనిలేక కూరగాయల బండివాళ్ళ మీద పడింది. ఇన్నాళ్ళకి దానికి తగిన పని దొరికింది. ఆదివారం పొద్దున సెల్లారులో కుర్చీలు వేయించి సమావేశం పెట్టారు.

"ఈసారి మనం గుడ్డిగా ఓటెయ్యడం లేదండీ," అన్నారు. "అభ్యర్థుల్ని ఇక్కడికి పిలుద్దాం. కూర్చోబెట్టి ప్రశ్నలడుగుదాం. నూటికి మార్కులేద్దాం. ఎవరికెక్కువొస్తే మన నలభై ఫ్లాట్లూ గంపగుత్తగా వాళ్ళకే. విజయవాడలో కూడా ఎవరూ ఇలా చేసుండరు."

చప్పట్లు మోగాయి. పట్టిక తయారైంది. చదువుకి ఇరవై, మాటతీరుకి పది, వ్యక్తిత్వానికి ఇరవై. మిగిలిన యాభై, అపార్టుమెంటుకి ఏం చేస్తారన్నదానికి. ఆ చెయ్యాల్సినవేవో కూడా వీళ్ళే రాశారు. ఎనిమిది నెలలుగా మూలనపడ్డ లిఫ్టు బాగుచేయిస్తే ముప్పై, గేటు మీద ఆర్చి కట్టిస్తే పది, టెర్రస్ మీద వాకింగ్ ట్రాకు వేయిస్తే పది. వార్డులో మిగతా జనం ఉన్నారన్న సంగతి ఆ పట్టికలో ఎక్కడా లేదు.

టీ కప్పులు అందిస్తున్న దీవెన కాస్త ధైర్యం తెచ్చుకుంది.

"సార్, సైడు కాలవ సంగతి కూడా రాయండి సార్. వానొస్తే నీళ్ళు గదిలోకి వచ్చేస్తన్నయి."

లక్ష్మీకాంత్ గారు కళ్ళజోడు సర్దుకుని పట్టిక చూశారు. "యాభై అయిపోయినయ్ కదమ్మా. నూరు దాటితే ఎట్లా?"

"ఆర్చిలోంచి ఒక అయిదు తగ్గించండి సార్."

అందరూ నవ్వారు. దీవెన హాస్యమాడిందనుకున్నారు. మూడో అంతస్తు తిరుపతిరావు గారికి కాస్త జాలి కలిగి, పట్టిక అడుగున "ఇతరములు" అని ఒక గీత గీయించారు. దానికి మార్కులు లేవు. కాలవని అందులో చేర్చారు. సమావేశం అయిపోయాక కుర్చీలన్నీ దీవెన ఎత్తిపెట్టింది.

మొదట వచ్చిన అభ్యర్థి సింధూరి. నిజం చెప్పాలంటే వచ్చింది ఆమె భర్త చక్రి. స్థలాల వ్యాపారం చేస్తాడు. పెద్ద పార్టీ టికెట్టు తెచ్చుకున్నాడు. సింధూరి ఎం.టెక్ చదివిన మనిషి, అతని పక్కన కుదురుగా కూర్చుంది. "ఏం చదివారమ్మా?" అని అడిగితే చక్రి చెప్పాడు. వార్డులో ముఖ్యమైన సమస్య ఏమిటంటే చక్రి చెప్పాడు. ఆడవాళ్ళు రాజకీయాల్లో స్వతంత్రంగా నిలబడడం మీద మీ అభిప్రాయమేమిటంటే దానికీ చక్రే చెప్పాడు, అదీ పావుగంట సేపు. సింధూరి మధ్యలో ఒక్కసారి నోరు విప్పింది, దీవెనని మంచినీళ్ళడగడానికి.

చక్రి మాట్లాడుతూనే బాల్కనీల వంక చూసి మనసులో లెక్కేసుకున్నాడు. నలభై ఫ్లాట్లు, ఇంటికి మూడేసి ఓట్లు, నూట ఇరవై. ఆరో వార్డులో ఎప్పుడూ యాభై అరవై ఓట్ల తేడాతోనే గెలుపోటములు తేలతాయి. ఇంత పెద్ద ముద్ద ఒకే కంచంలో దొరికితే ఎవడు వదులుకుంటాడు?

"లిఫ్టు గురించి ఇంక మీరు మర్చిపోండి సార్. రేపు మెకానిక్ వస్తాడు," అని లేచాడు.

లక్ష్మీకాంత్ గారు అక్కడికక్కడే ముప్పైకి ముప్పై వేశారు. సింధూరికి మాటతీరులో పదికి పది పడ్డాయి. "ఎంత వినయమండీ ఆ అమ్మాయికి," అన్నారు ఆడవాళ్ళు కూడా.

రెండోది రావమ్మ. మొన్నటి దాకా ఆమే కౌన్సిలరు. ఎవరిది ఏ ఊరో, ఎవరి వియ్యంకుడు ఎక్కడుంటాడో, ఎవరికి షుగరుందో అన్నీ ఆమెకి నోటికి వచ్చు. "మీది చల్లపల్లి పక్కన కదండీ. మొన్న మీ ఊరి ప్రెసిడెంటు ఎలక్షన్లకి పనిగట్టుకుని వెళ్ళొచ్చారంటగా," అంటే లక్ష్మీకాంత్ గారు ఉబ్బిపోయారు. "వెళ్ళకపోతే ఎట్లాగండీ? పదకొండు ఓట్లతో గెలిచాం. అక్కడ మా ఓటుకున్న విలువ అది," అన్నారు. రావమ్మ బహు శ్రద్ధగా తల ఊపింది. చక్రి లిఫ్టు బాగుచేయిస్తున్నాడని చెబితే, "చేయించనివ్వండి పాపం, చేయించనివ్వండి," అని మురిసిపోతూ కాఫీ తాగింది. ఆ మురిపెం ఎందుకో ఎవరికీ అర్థంకాలేదు. తను మాత్రం ఏదీ చేస్తాననలేదు. నలభై ఒక్క మార్కులేసి పంపారు.

మూడో అభ్యర్థిని అసలు పిలవనే లేదు. ఆమె పేరు అమలమ్మ. మున్సిపాలిటీలో ముప్పై ఏళ్ళు వీధులూడ్చి, కాలవలు తీసి రిటైరైన మనిషి. పార్టీ లేదు, జీపు లేదు, మైకు లేదు. గుర్తు గ్యాస్ పొయ్యి. ఆమె నామినేషన్ వేసిందని విని లక్ష్మీకాంత్ గారు, "ప్రజాస్వామ్యం అంటే ఇదేనండీ, ఎవరైనా నిలబడొచ్చు," అని పెద్దమనసుతో నవ్వి, చదువు అన్న చోట సున్నా చుట్టారు.

దీవెనకీ అమలమ్మ అంటే పడదు. రెండేళ్ళ కిందట కూరగాయల తొక్కలున్న కవరు ఒకటి దీవెన చెయ్యిజారి కాలవలో పడితే, అమలమ్మ వీధి మధ్యన నిలబెట్టి నలుగురూ చూస్తుండగా కడిగిపారేసింది. కవరు చేత్తో తీయించింది కూడా. ఆ రోజు దీవెన ఏడ్చింది. చుట్టుపక్కల అమలమ్మ నోటికి బలికాని మనిషి ఉంటే వాళ్ళు కొత్తగా దిగినవాళ్ళయి ఉండాలి.

శనివారం మధ్యాహ్నం వాన కుండపోతగా పడింది. గంటలో కాలవ పొంగింది. కార్లు రోడ్డెక్కాయి. దీవెన బియ్యం డబ్బా, పుస్తకాల సంచి మంచం మీద పెట్టి, అత్తని, కూతుర్ని ఎక్కించి, తను మోకాలి లోతు నల్లనీళ్ళలో నిలబడి చీపురుతో చెత్తని పక్కకి నెడుతోంది. అంతలో చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిలో పొడుగాటి వెదురు కర్రతో అమలమ్మ ర్యాంపు మీద నుంచి దిగివచ్చింది. వెంట ఒక్క మనిషి లేడు.

"ఓట్ల కోసమే వచ్చాలే. భయపడమాక," అంది. "ఎన్నేళ్ళ నుంచి ఇట్టా నీళ్ళొస్తన్నయి?"

"మేం వచ్చినకాడి నుంచీ ఇంతే," అంది దీవెన ముభావంగా. పాత అవమానం ఇంకా లోపల కుతకుతలాడుతూనే ఉంది.

అమలమ్మ వెనక్కి వెళ్ళి, ర్యాంపు మొదట్లో వంగి, కర్ర దాని కిందికి దూర్చింది. కర్ర మూరెడు కూడా పోలేదు. అటు తిప్పి ఇటు తిప్పి బయటికి లాగింది.

"ఇటు రా. చూడు," అంది. "కాలవ మీద నుంచి ఈ సిమెంటు ర్యాంపు పోశారు మీవోళ్ళు. కార్లు దిగడానికి. కింద గొట్టం పెట్టాలి, పెట్టలా. మట్టి పూడిపోయింది. నీళ్ళు ముందుకు పోవడానికి దారేది? ఇంక నీ గదే దారి. పన్నెండేళ్ళు ఈ కర్రతో పొడిచాను నేను. నాకు తెల్దా?"

"మరి బాగుచెయ్యరా?"

"మున్సిపాలిటీ ఇంజనీరు రెండుసార్లొచ్చి సున్నంతో గుర్తులేసిపోయాడు, పగలగొట్టాలని. రెండుసార్లూ రావమ్మే ఆపించింది. ఎలక్షన్లకి చందాలిచ్చే ఓనర్లకి కోపం వస్తదని. ఈ వీధిలో పద్నాలుగింటికీ ఇదే రోగం. దీనికి కొత్త కాలవలు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. ర్యాంపు పగలగొట్టి, మట్టి తీసి, తీసిపెట్టుకునే పలకలు పరిస్తే సరి."

"నువ్వు గెలిస్తే పగలగొట్టిస్తావా?"

అమలమ్మ వెంటనే అవునని అనలేదు. చక్రి అయితే ఈపాటికి పదిసార్లు అనేవాడు. కర్ర నీళ్ళలో కడుక్కుంటూ దీవెన ముఖంలోకి చూసింది.

"పగలగొట్టిస్తాను. కానీ ముందే చెప్తన్నా విను. ర్యాంపు పగిలిందంటే పదిరోజులు కార్లు లోపలికి రావు. మీ ఓనర్ల కోపం నా మీదికి రాదు, నేను వాళ్ళకి దొరకను. మీ మీదికి వచ్చుద్ది. ఉన్న గది పోయిద్ది. అది ఆలోచించుకునే వెయ్యి. వేసినాక అమలమ్మ మోసం చేసిందనమాక."

ఓటడగడానికి వచ్చి భయపెట్టిపోయిన అభ్యర్థిని దీవెన ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రమంతా నీళ్ళు ఎత్తిపోస్తూ అదే ఆలోచించింది. నీళ్ళు రాని గది కావాలంటే ఆ గదే పోగొట్టుకోవాలి. ఇదెక్కడి లెక్క అని ఏడుపొచ్చింది.

మర్నాడు మార్కులు ప్రకటించారు. సింధూరి డెబ్భై ఆరు, రావమ్మ నలభై ఒకటి, అమలమ్మ తొమ్మిది. ఆ తొమ్మిదీ ఎక్కడివని తిరుపతిరావు గారు అడిగితే, "పెద్దావిడ కదండీ," అన్నారు లక్ష్మీకాంత్ గారు. పట్టికని రంగుల్లో అచ్చువేయించి నోటీసు బోర్డుకి అంటించారు. ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టారు. చక్రి పంపిన మెకానిక్ లిఫ్టు విప్పి, మోటారు బయటికి తీసి బాగుచేయడానికి పట్టుకుపోయాడు. పట్టికకి అంతకన్నా విజయం ఏం కావాలి?

పోలింగు అయిదురోజులుందనగా, ఓటరు స్లిప్పులు పంచడానికి వార్డు సచివాలయం నుంచి శ్రీదుర్గ అనే ఉద్యోగిని వచ్చింది. లక్ష్మీకాంత్ గారు ఎదురెళ్ళి సెల్లారులో కుర్చీ వేయించారు.

"నలభై ఫ్లాట్లూ నేనే పంచుతానమ్మా. మీరు మెట్లెక్కనక్కర్లేదు. కట్ట ఇలా ఇచ్చెయ్యండి."

శ్రీదుర్గ సంచి వెతికింది. "కట్టేం లేదండీ. హేమాద్రివి మూడున్నాయి. ఆమోసు, దీవెన, రూతు. వీళ్ళెవరండీ?"

టీ గ్లాసులు కడుగుతున్న దీవెన చెయ్యి తుడుచుకుని వచ్చింది.

"సరిగ్గా చూడండమ్మా," అన్నారు లక్ష్మీకాంత్ గారు.

"జాబితాలో ఉన్నవి ఇవేనండీ. మీ ఓటు ఇక్కడికి మార్పించుకున్నారా?"

మార్పించుకోవడమా? లక్ష్మీకాంత్ గారి ఓటు చల్లపల్లి పక్కన సొంత ఊళ్ళో భద్రంగా ఉంది. అది ఇక్కడికి తెస్తే అక్కడ ప్రెసిడెంటు ఎన్నికలో ఆయన మాట ఎవడు వింటాడు? తిరుపతిరావు గారి ఓటు గుడివాడ అవతల. రెండో అంతస్తు వాళ్ళది అవనిగడ్డ. నాలుగో అంతస్తు వాళ్ళది పామర్రు. కొందరివి విజయవాడ వన్ టౌన్‌లో పాత అద్దె ఇళ్ళ చిరునామా మీద మిగిలిపోయాయి. సొంత ఊళ్ళో ఓటు తీసేయించుకోవడమంటే ఆ ఊరితో తెగతెంపులు చేసుకున్నట్టేనని వాళ్ళలో ప్రతివాళ్ళూ అనుకున్నారు. పన్నెండేళ్ళుగా ఇక్కడ తింటూ, ఇక్కడ పడుకుంటూ, ఇక్కడి చెత్త ఇక్కడే పారేస్తూ, ఓటు మాత్రం అక్కడ ఉంచుకున్నారు. ఎవరికి వాళ్ళు తన ఒక్కడిదే అలా ఉందనీ, మిగతా ముప్పైతొమ్మిది ఫ్లాట్ల వాళ్ళవీ ఇక్కడే ఉండి ఉంటాయనీ నమ్మారు. నమ్మే మార్కులేశారు. నవ్వకుండా ఈ సంగతి చెప్పడం ఎవరి తరమూ కాదు.

శ్రీదుర్గ ఆ మూడు స్లిప్పులూ దీవెన చేతిలో పెట్టి సంతకం తీసుకుని వెళ్ళిపోయింది.

వార్త చక్రికి చేరడానికి గంట కూడా పట్టలేదు. రావమ్మ మనుషులే చేరవేసి ఉంటారు. ఆ గంట తరవాత నుంచి మెకానిక్ ఫోను ఎత్తలేదు. లిఫ్టు డబ్బా రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ తలుపులూడి వేలాడుతోంది. మోటారు అతని దగ్గరే ఉంది. లక్ష్మీకాంత్ గారు చక్రికి ఫోను చేస్తే అతను మర్యాదగానే మాట్లాడాడు. "ఆ మూడూ మాకు పడేట్టు చూడండి సార్, మోటారు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాడు.

ఆ సాయంత్రం సెల్లారులో మళ్ళీ సమావేశం. ఈసారి ఆమోసుకీ దీవెనకీ రెండు కుర్చీలు వేశారు. ఆరేళ్ళలో మొదటిసారి. ఆమోసు అంచు మీద కూర్చున్నాడు, లేవమంటారేమోనని. పైనుంచి ఎవరో బజ్జీలు కూడా తెచ్చిపెట్టారు.

"మనమంతా ఒక కుటుంబం," అన్నారు లక్ష్మీకాంత్ గారు. "ఓటు ఎవరికి వెయ్యాలో మేం చెప్పకూడదు, అది మీ హక్కు. కాకపోతే అసోసియేషన్ శాస్త్రీయంగా మార్కులేసింది. అది చూసి మీరే నిర్ణయించుకోండి." పట్టిక కాపీ ఒకటి దీవెన చేతికిచ్చారు. "రూతమ్మగారిక్కూడా చూపించండి."

రూతమ్మని గారు అన్నది ఆ భవనంలో అదే మొదలు.

"మీరెట్టా చెప్తే అట్టాగే సార్," అన్నాడు ఆమోసు.

"ఆలోచించి వేస్తామండీ," అంది దీవెన.

ఆ మాట లక్ష్మీకాంత్ గారికి రుచించలేదు. నవ్వుతూనే ఉన్నారు గానీ, "గదికి రంగులేయిద్దామనుకుంటున్నాం. ఎవరైనా కలిసిమెలిసి ఉంటేనే కదమ్మా ఎక్కువకాలం ఉండేది," అన్నారు. దీవెనకి అందులో అర్థంకానిదేమీ లేదు.

గదిలోకి వచ్చాక ఆమోసు తలుపు దగ్గరికి వేశాడు. "ఆ మొగుడు మాట్లాడే అమ్మాయికి వేసేద్దాం. మనకెందుకు గొడవ?"

"వానలిప్పుడే మొదలైనయ్. పిల్లకి మళ్ళీ జ్వరం వస్తే ఆ పట్టిక చూపిద్దామా?"

దీవెనకి అతని మీద కోపం రాలేదు. భయం తనకీ ఉంది, అతను పైకి అన్నాడంతే.

ఆదివారం ప్రార్థన అయ్యాక మందిరం బయట, చెప్పులు వెతుక్కుంటున్న ఆడవాళ్ళ దగ్గర దీవెన ఊరికే ఒక మాట అడిగింది. మీ అపార్టుమెంటుకి ఎన్ని స్లిప్పులొచ్చాయని. పక్క బిల్డింగుకి నాలుగు. దాని పక్కదానికి రెండు. కాలవ గట్టు వైపు దానికి అయిదు. ఆ వీధి వాచ్‌మన్ల కుటుంబాల్లో సగం ఈ మందిరానివే. మిగతావాళ్ళని సోమవారం నీళ్ళ ట్యాంకరు దగ్గర అడిగితే వాళ్ళదీ అదే మాట. వీధి మొత్తం మీద అయిదొందల పైచిలుకు ఫ్లాట్లు, యాభై రెండు ఓట్లు. ఆ యాభై రెండు ఓట్లూ సెల్లారుల్లోనే ఉన్నాయి. అందరి గదుల్లోకీ అవే నీళ్ళు వస్తున్నాయి.

దీవెన ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. అమలమ్మ ర్యాంపు కింద కర్ర పెట్టి చూపించిన సంగతి చెప్పింది. ఆ తరవాత చేసిన హెచ్చరిక కూడా దాచకుండా చెప్పింది.

"దాని నోరు మంచిది కాదే," అంది ఒకామె.

"మంచిది కాదు. నాకూ పడదు," అంది దీవెన. "కానీ మన గదిలోకి దిగి చూసింది అదొక్కతే. నిజం చెప్పింది కూడా అదొక్కతే."

పోలింగు రోజు సెలవు. ఓటు లేనివాళ్ళకి సెలవు మరీ తీరిక. హేమాద్రి వాళ్ళు మూడు కార్లేసుకుని చీరలకని మంగళగిరి వెళ్ళారు. వెళ్ళేముందు లక్ష్మీకాంత్ గారు కారు అద్దం దించి, వేలికి సిరా చుక్కతో ఫోటో పంపమని ఆమోసుకి గుర్తుచేశారు. ఆమోసు పంపాడు. వేలు చూస్తే ఓటెవరికో తెలియదన్న సంగతి బ్యాంకు మేనేజరుగారికి తోచలేదు.

లెక్కింపులో అమలమ్మ ముప్పైనాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. రావమ్మ రెండోది. డెబ్భై ఆరు మార్కుల సింధూరి మూడోది. ఆ రాత్రి గ్రూపులో లక్ష్మీకాంత్ గారు ఈ దేశం బాగుపడదని రాశారు. ముప్పైతొమ్మిది మంది దానికి దండం పెట్టారు.

ప్రమాణస్వీకారం అయిన పదోరోజు పొద్దున్నే వీధి చివర జేసీబీ కనిపించింది. ఇంజనీరు కాగితం పట్టుకుని ముందు నడుస్తున్నాడు, అమలమ్మ వెదురు కర్ర పట్టుకుని వెనక. మొదటి ర్యాంపు హేమాద్రిదే. లక్ష్మీకాంత్ గారు అయిదంతస్తులు మెట్లు దిగి వచ్చేసరికి ఊపిరందక గోడ పట్టుకున్నారు. లుంగీ మీదే వచ్చేశారు.

"ఇది దౌర్జన్యం. కార్లెట్లా వస్తాయి?"

"పదిరోజులు బయట పెట్టుకోండి. వానొచ్చినప్పుడు పెట్టుకుంటున్నారుగా," అంది అమలమ్మ.

"నలభై కుటుంబాలం. ఈ అపార్టుమెంటులో ఎన్ని ఓట్లున్నాయో తెలుసా నీకు?" కోపంలో ఆయనకి సంగతి గుర్తులేదు పాపం.

"మూడండీ," అంది అమలమ్మ. "ముగ్గురూ కిందే ఉంటారు."

జేసీబీ డ్రైవరు నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. ర్యాంపు నాలుగు దెబ్బలకి విరిగింది. కింద నుంచి పన్నెండేళ్ళ మట్టి, సీసాలు, కవర్లు, ఎవరిదో స్కూలు బూటు బయటికొచ్చాయి. సాయంత్రానికి కాలవలో నీళ్ళు కదిలాయి. దీవెన చాలాసేపు అక్కడే నిలబడి ఆ మురుగునీళ్ళని చూసింది. అంత సంతోషం ఆమెకి ఈమధ్య ఎప్పుడూ కలగలేదు.

నాలుగోరోజు పెద్దవాన పడింది. మూడుగంటలు ఆగకుండా పడింది. దీవెన అలవాటుగా బియ్యం డబ్బా మంచం మీద పెట్టింది. రూతమ్మ అలవాటుగా మంచమెక్కింది. నీళ్ళు రాలేదు. గుమ్మం దగ్గర నేల పొడిగా ఉంది. వినీల కింద చాప పరుచుకుని సైన్సు పుస్తకం ముందేసుకుంది. దీవెన గుమ్మంలో కూర్చుని కళ్ళు మూసుకుని మనసులో స్తోత్రం చెప్పుకుంది.

ఆమె కళ్ళు తెరిచేసరికి లక్ష్మీకాంత్ గారు ఎదురుగా ఉన్నారు. ఆరేళ్ళలో ఆయన ఆ గది దాకా రావడం అదే మొదటిసారి. చేతిలో కాగితం ఉంది. పొడిగా ఉన్న నేల వంక చూశారు, చూడనట్టు ముఖం తిప్పుకున్నారు.

"అసోసియేషన్ తీర్మానం చేసిందమ్మా. నేనొక్కణ్ణే అయితే వేరే సంగతి. వేరే మనుషుల్ని మాట్లాడుకున్నాం. నెలాఖరుకి మీరు ఖాళీ చెయ్యాలి."

ఆమోసు తల వంచుకున్నాడు. వినీల పుస్తకం మూసింది. దీవెనకి ఏడుపు రాలేదు. ఇది వస్తుందని తెలిసే కదా వేసింది. కాకపోతే ఈ పొడినేల మీద పిల్ల ఇంకా ఇరవై రోజులే చదువుకుంటుంది. తరవాత ఇక్కడికి ఎవరొస్తారో, వాళ్ళకీ పిల్లలుంటారు.

ఆమె లేచి నిలబడి, తడి లేని చేతులు అలవాటుగా కొంగుకి తుడుచుకుని, కాగితం అందుకుంది.

"అలాగేనండీ సార్, ఖాళీ చేస్తాం," అంది. "ఎక్కడికెళ్ళినా ఓటు మాత్రం ఇక్కడే ఉంచుకుంటాం. మీరంతా మీ ఊళ్ళల్లో ఉంచుకున్నట్టే."